‘ఎవరబ్బాయివి?’ అని అడగని ఇంటర్వ్యూ అయితేనే పెట్టండి

ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, రాష్ట్ర వైద్య విద్యా సంచాలకుల వారికి, జాతీయ వైద్య కమిషన్‌లో ఎంబీబీఎస్ చదువుల వ్యవహారం చూసే బోర్డు సభ్యులకు,

నమస్కారం. నేను డాక్టర్ని కాను. కోనసీమలో పుట్టి, గోదావరి జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా చేసి, నర్సింగ్ ట్యూటరుగా రిటైరయ్యాను. ఎంబీబీఎస్ సీట్ల సంగతి నర్సుకెందుకు అని మీలో ఎవరికైనా అనిపించొచ్చు. హౌస్ సర్జన్, అంటే చదువు ముగించి ఏడాది ఇంటర్న్‌షిప్ చేసే కుర్ర డాక్టరు, వార్డులోకి వచ్చిన మొదటి నెల రోగితో ఎలా మాట్లాడతాడో దగ్గరుండి చూసేది మేమేనండి. ప్రొఫెసరు గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు ప్రతి పిల్లాడూ బుద్ధిమంతుడే. రాత్రి రెండింటికి మూడోసారి పిలిచినప్పుడు ఎవరేమిటో సిస్టర్లకి తెలుస్తుంది.

ఈ మధ్య అమలాపురంలో గానీ భీమవరంలో గానీ నలుగురు చదువుకున్నవాళ్లు కూర్చుంటే ఒక మాట వినిపిస్తోంది. నీట్ ర్యాంకు ఒక్కటే చూసి సీటిస్తే మనసున్న డాక్టర్లు ఎక్కణ్ణుంచి వస్తారు, పిల్లల్ని పిలిచి మాట్లాడి చూడాలి, ఇంటర్వ్యూ పెట్టాలి అని. 2024లో నీట్ పేపరు లీకైన గొడవ, ముందు 67 మందికి 720కి 720 అని ప్రకటించి తర్వాత ఆ సంఖ్య 17కి దిగిన వైనం చూశాక ఆ మాట ఇంకా గట్టిపడింది. అందులో న్యాయం ఉంది. ప్రమాదం కూడా అంతే ఉంది. మీ చెవిన పడే లోపే ఆ రెండో సగం కూడా చెబుదామని ఈ ఉత్తరం.

ముందు న్యాయం సంగతి. మూడు గంటల్లో 180 ప్రశ్నలు, ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఎంత వచ్చో ఆ పరీక్ష బాగానే చెబుతుంది. మా ఊళ్ల నుంచి లాంగ్ టర్మ్ కోచింగుకి వెళ్లిన పిల్లలు రెండేళ్లు, మూడేళ్లు హాస్టల్ గదిలో మగ్గి ఆ ర్యాంకు తెచ్చుకుంటారు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. తర్వాత సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేస్తారు, వెబ్ ఆప్షన్లు పెడతారు, సీటు వస్తుంది. ఇంతలో ఎక్కడా ఒక్క మనిషి కూడా ఆ పిల్లతో అయిదు నిమిషాలు మాట్లాడి ఉండడు. ఇదంతా అయ్యాక, 2019 నుంచి కొత్త పాఠ్యప్రణాళికలో ‘ఏట్‌కామ్’ అని పెట్టి, రోగితో ఎలా మాట్లాడాలి, నీతి ఏమిటి అని తరగతులు చెబుతున్నారు. మంచిదే. కానీ వినే అలవాటు ఇంతో అంతో ఉన్నవాళ్లకి ఆ పాఠం ఎక్కినట్టు, బొత్తిగా లేనివాళ్లకి ఎక్కదు. విద్యార్థుల్ని తయారుచేసిన ట్యూటరుగా చెబుతున్నాను.

మా వార్డులో జరిగిన ఒక సంగతి చెబుతాను. వశిష్ట గోదావరి లంకలో ఉండే ఒక పెద్దాయన, కొబ్బరి దింపులకి వెళ్లే మనిషి, షుగరు ముదిరి చేరాడు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. డిశ్చార్జి రోజు హౌస్ సర్జన్ దగ్గర నిలబడి చక్కగా వివరించాడు. ఉదయం ఇన్ని యూనిట్లు, రాత్రి ఇన్ని, తిండికి ముందు, పొట్ట మీద చోటు మార్చి మార్చి పొడుచుకోవాలి, సీసా ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. “సరేనా తాతా?” అన్నాడు. “ఆయ్, అలాగేనండి బాబుగారూ” అన్నాడు ఆయన. మా వాళ్లు అన్నిటికీ ఆయ్ అంటారు. అర్థమైనా ఆయే, కాకపోయినా ఆయే.

రెండు వారాలకి మళ్లీ తీసుకొచ్చారు. షుగరు నాలుగొందలు దాటింది. సూది మానేశావా అంటే, ఒట్టు పెట్టి మరీ లేదన్నాడు. నిజంగానే మానలేదు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. డాక్టరు బాబు చల్లగా ఉంచమన్నాడు కదా అని, రొయ్యలు కొనేవాళ్ల షెడ్డులో తెలిసిన కుర్రాణ్ణి బతిమాలి, థర్మాకోల్ పెట్టెలో ఐసు ముక్కల మధ్య దూర్చి పెట్టాడు. ఇన్సులిన్ గడ్డకట్టిందంటే ఇక పనిచెయ్యదు. ఆయన రోజూ రెండు పూటలా, లెక్క తప్పకుండా, పాడైపోయిన మందు పొడుచుకున్నాడు. ఆ రోజు మా సిస్టరు ఒకావిడ పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, అందులో సీసా పెట్టుకోవడం చేసి చూపించింది. తర్వాత తిరిగి ఆయన చేత చెప్పించుకుంది.

ఆ హౌస్ సర్జన్ తెలివైనవాడు, మర్యాదస్తుడు. ఒక్క తప్పు మాట చెప్పలేదు. “ఇంట్లో ఫ్రిజ్ ఉందా?” అని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న తట్టడానికి వైద్యశాస్త్రం చదివి ఉండక్కర్లేదు. ఎదుటివాడి ఇల్లు ఒక్క క్షణం కళ్ల ముందుకి రావాలి, అంతే. పద్దెనిమిదేళ్ల పిల్లల్లో కొందరికి అది అప్పటికే ఉంటుంది. ఉందో లేదో చూసే పరీక్ష మన దగ్గర ఎక్కడా లేదు.

ఇప్పుడు ప్రమాదం సంగతి. ఇంటర్వ్యూ అనగానే మన కళ్ల ముందు కనిపించేది ఏది? పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు నలుగురు పెద్దమనుషులు, ఇవతల చెమటలు కక్కుతూ ఒక పిల్లాడు. మొదటి ప్రశ్న మీకూ తెలుసు. ఏ ఊరు? ఎవరబ్బాయివి? మా గోదావరి జిల్లాల్లో ఇంటిపేరు చెబితే చాలు, కులం, తాహతు, ఎవరెవరికి చుట్టమో అన్నీ నిమిషంలో తేలిపోతాయి. ఆ తర్వాత అడిగే ప్రశ్నలన్నీ కాలక్షేపం. నాన్నగారు ఫలానా నర్సింగ్ హోమ్ డాక్టరు గారని తెలిస్తే “డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావు?” అన్న ప్రశ్నకి పిల్లాడు ఏం చెప్పినా ముచ్చటగానే ఉంటుంది. చెరువు మీద కాపలా పని చేసేవాడి కూతురు అదే మాట చెబితే బట్టీ పట్టినట్టు అనిపిస్తుంది. మాటకి ముందు ఒక ఆయ్ తగిలించిందంటే పల్లెటూరి వాసన అని మార్కు తగ్గుతుంది.

ఇది నా అనుమానం కాదు, కోర్టు రికార్డుల్లో ఉన్నదే. 1970 ప్రాంతంలో తమిళనాడులో ఎంబీబీఎస్ ఎంపికకి ఇంటర్వ్యూకే 75 మార్కులు పెట్టారు. పెరియకరుప్పన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఎంపిక తీరుని తప్పుపట్టింది. మరో పదేళ్లకి శ్రీనగర్ ఇంజినీరింగు కాలేజీ మీద అజయ్ హాసియా కేసు వచ్చింది. అక్కడ మొత్తం మార్కుల్లో మూడో వంతు ఇంటర్వ్యూకే. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాట్లాడారట, అది కూడా తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు అని. శ్రీనగర్ అయినా రాజోలు అయినా ‘ఎవరబ్బాయివి’ ఒకటే! సుప్రీంకోర్టు ధర్మాసనం, జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన 1980 నవంబరు తీర్పులో, మౌఖిక పరీక్షకి 15 శాతానికి మించి ఇవ్వడం నిరంకుశమే అవుతుందని చెప్పింది. ఇంటర్వ్యూలని టేపు రికార్డు చేస్తే మంచిదని కూడా సలహా ఇచ్చింది. అప్పటికి మా ఇళ్లలో టేపు రికార్డరు ఉండటమే గొప్ప. ఇప్పుడు జేబుజేబుకీ వీడియో కెమెరా ఉంది, ఆ సలహా మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఆ అనుభవాలతోనే కాబోలు, కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి నుంచి తన కింది స్థాయి ఉద్యోగాలకి ఇంటర్వ్యూ అన్నదే ఎత్తేసింది.

పక్షపాతం లేని పెద్దమనుషులే కూర్చున్నారని అనుకుందాం. అప్పుడైనా ఈ బల్ల ఇంటర్వ్యూ పనిచేస్తుందా అంటే, అమెరికాలో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో అనుకోకుండా ఒక పరీక్ష జరిగింది. 1979లో అక్కడి వైద్య కళాశాల ఇంటర్వ్యూలు చేసి, వరస పెట్టి, పై వరసల్లోంచి 150 మందిని తీసుకుంది. తర్వాత శాసనసభ ఇంకో 50 మందిని చేర్చుకోమంది. అప్పటికి మిగిలింది అడుగున ఉన్నవాళ్లు, 700 నుంచి 800 మధ్య వరసలో ఉన్నవాళ్లు. వాళ్లనే తీసుకున్నారు. చదువులో, వార్డుల్లో, పట్టా తర్వాత మొదటి ఏడాది పనిలో, ముందు తీసుకున్నవాళ్లకీ అడుగు నుంచి వచ్చినవాళ్లకీ తేడా కనిపించలేదు. 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఇది అచ్చయింది. అంత శ్రమపడి చేసిన ఇంటర్వ్యూలు మనుషుల్ని వేరుచేసి చూడలేకపోయాయన్నమాట. ఇంటర్వ్యూ పెట్టాలనే ప్రతివాళ్లకీ నేను ముందు ఈ కథే చెబుతాను.

మరి ఏం కావాలంటున్నాను? నర్సింగు, వైద్యం చదివినవాళ్లకి ‘ఆస్కీ’ పరీక్ష తెలుసు. 1975లో స్కాట్లండ్ డండీలో రొనాల్డ్ హార్డెన్ అనే ఆచార్యుడు మొదలుపెట్టింది. ఒకే పెద్ద కేసు ఇచ్చి ఒకే ఎగ్జామినరు దయకి వదిలెయ్యకుండా, గది చుట్టూ స్టేషన్లు పెట్టి, గంట కొట్టగానే ఒక్కో స్టేషనుకి మారుస్తారు. ఒక చోట బీపీ చూడాలి, ఒక చోట ఇంజెక్షను, ఒక చోట రోగికి మాట చెప్పాలి. ఎక్కడికక్కడ చెక్‌లిస్టు. ఇదే పద్ధతిని కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు, కెవిన్ ఈవా, హెరాల్డ్ రైటర్, జెఫ్ నార్మన్ తదితరులు, వైద్య విద్యలో చేర్చుకునే ముందటి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లారు. 2004లో దాని మీద వాళ్ల వ్యాసం వచ్చింది. మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ అన్నారు. పది స్టేషన్ల దాకా ఉంటాయి. తలుపు బయట కార్డు మీద పరిస్థితి రాసి ఉంటుంది, చదువుకోవడానికి రెండు నిమిషాలు, లోపల ఎనిమిది నిమిషాలు. లోపలున్న పరీక్షకులకి అభ్యర్థి మార్కులు తెలియవు, ఎక్కడ చదివాడో తెలియదు. ఆ స్టేషన్లో చూడాల్సింది చూసి అంకె వేసి పంపెయ్యడమే. పక్క స్టేషన్లో ఏం వేశారో తెలియదు. తర్వాత ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లోనూ చాలా వైద్య కళాశాలలు ఈ దారి పట్టాయి. 2012లో ఈవా బృందమే ఇంకో లెక్క చూపించింది: ఈ పద్ధతిలో మెక్‌మాస్టర్ ఎంచుకున్నవాళ్లు, అక్కడ కాదన్నాక వేరే కాలేజీలో చేరినవాళ్ల కన్నా తర్వాతి లైసెన్సు పరీక్షల్లో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారని.

ఇన్ని స్టేషన్లు దేనికి అంటారేమో. ధాన్యం కొనేవాడు ఒక్క బస్తాలో చెయ్యి పెట్టి లారీ మొత్తానికి తేమ లెక్క కట్టడు కదండీ. మనిషి కూడా ఒక సందర్భంలో ఉన్నట్టు ఇంకో సందర్భంలో ఉండడు. దుఃఖంలో ఉన్నవాళ్లని చక్కగా ఓదార్చే పిల్ల, తోటివాడితో కలిసి పని చెయ్యమంటే పెత్తనం చేస్తుంది. మనం ఎనిమిది స్టేషన్లు పెడితే, ఒక ఎగ్జామినరుకి ఎందుకో నచ్చకపోయినా ఎనిమిదింట్లో ఒక వంతే పోతుంది. ఇంకో లాభం మన దేశానికి ప్రత్యేకం. ఒక్క బోర్డు ఉంటే ఒక్క ఫోను చాలు. ఎనిమిది స్టేషన్లు ఉండి, ఎవరు ఏ స్టేషన్లో కూర్చోవాలో ఆ రోజు పొద్దున్న చీటీలు తీసి చెబితే, రికమండేషన్ చేసే పెద్దమనిషికి ఎనిమిది మంది నంబర్లు సంపాదించే సరికి మధ్యాహ్నమవుతుంది.

ఒక స్టేషను ఎలా ఉండొచ్చో రాసి చూపిస్తాను, గాల్లో మాటలనుకోకుండా. కార్డు మీద ఇలా ఉంటుంది: “మీరు సఖినేటిపల్లి రేవులో ఉన్నారు. గోదావరికి వరద వచ్చి నరసాపురం వెళ్లే పంటు (జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ) ఆపేశారు. దిండి, చించినాడ వంతెన మీదుగా బస్సులో చుట్టూ తిరిగి వెళ్లాలి. లోపల ఒక ముసలాయన పంటు కోసం కూర్చుని ఉన్నారు. ఆయనకి విషయం చెప్పండి.” కావలసిన సమాచారమంతా కార్డులోనే ఉంటుంది, అనంతపురం పిల్లయినా గోదావరి చూసి ఉండక్కర్లేదు. లోపల ముసలాయన వేషంలో ఉన్న మనిషికి మేం ముందే నేర్పిపెడతాం: కొంచెం చెవుడు, జేబులో పంటు టిక్కెట్టుకి సరిపడా డబ్బులే, పనేమిటో అడిగితే తప్ప చెప్పకూడదు, ఏం చెప్పినా ఆయ్ అనాలి.

పరీక్షకుల కాగితం మీద అయిదు మెట్లు రాసి ఉంటాయి. పంటు లేదు, బస్సులో పొండి అని చెప్పి తిరిగొచ్చేస్తే ఒకటి. వినబడలేదని గ్రహించి దగ్గరికి వెళ్లి, నిదానంగా మళ్లీ చెబితే మూడు. అవతల పనేమిటి, ఈ రోజే వెళ్లాలా, ఛార్జీకి డబ్బులున్నాయా అని అడిగి, చెప్పింది ఆయన నోట తిరిగి చెప్పించుకుంటే అయిదు. రెండు, నాలుగు ఎప్పుడెయ్యాలో కూడా ఉదాహరణలతో రాసి ఉంటుంది. పరీక్షకుడికి తన ఇష్టాయిష్టాలు దూర్చడానికి సందు చాలా తగ్గుతుంది. ఫ్రిజ్ ఉందా అని అడగని పిల్లాడు ఇక్కడ దొరుకుతాడనే నా ఆశ. దొరికితే అతనికి సీటు ఇవ్వొద్దని కాదు. ఎంత మంది అలా ఉన్నారో మనకి తెలియాలి.

ఇంకో స్టేషను నీతికి సంబంధించింది. “మీ స్నేహితుడికి జ్వరం. అతని ఫిజిక్స్ రికార్డు మీరు రాసిపెడితే డబ్బులిస్తానంటున్నాడు. మీకు డబ్బు అవసరం కూడా ఉంది. ఏం చేస్తారు?” మన కాలేజీల్లో రికార్డులు ఎవరు రాస్తారో అందరికీ తెలిసిందే, కాబట్టి మీరు నవ్వుకోవచ్చు. ఇక్కడ సరైన జవాబు అంటూ ఉండదు. అభ్యర్థి ఏం చెప్పినా, పరీక్షకుడు కాగితం మీదున్న మూడు ఎదురు ప్రశ్నలు అదే వరసలో, అవే మాటల్లో అడగాలి. అన్ని వైపుల నుంచీ ఆలోచించాడా, లేక మొదట పట్టుకున్న కొమ్మనే పట్టుకుని వేలాడాడా అన్నదే చూడాలి. ఆ ఎదురు ప్రశ్నలు మార్చే అధికారం ఎంత పెద్ద ప్రొఫెసరుకైనా ఉండకూడదు. వాళ్లకి ఇదే కష్టమైన సంగతి. పెద్దవాళ్లకి తమ చూపు మీద నమ్మకం ఎక్కువ. “గదిలోకి నడిచొచ్చిన తీరు చూస్తే చెప్పేస్తాను” అనే పెద్ద డాక్టర్లు నాకు బాగా తెలుసు. అలాంటివారిని మాత్రం దయచేసి కూర్చోబెట్టకండి.

ఇద్దరు కలిసి చేసే స్టేషను ఒకటి కావాలని నా కోరిక. ఇద్దరూ వీపులు ఆనించి కూర్చుంటారు. ఒకరి చేతిలో బొమ్మ, ఇంకొకరి చేతిలో వస్తువు. మాటలతోనే చేయించాలి. మొదట కొబ్బరాకు బూర అనుకున్నాను. ఎంత ముచ్చటగా ఉంటుందో! కానీ మా దీవి పిల్లలు అది కళ్లు మూసుకుని చుడతారు, పల్నాడు పిల్లకి ఆకు ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. అన్యాయం. కాగితం మడతే మేలు. ప్రతి స్టేషనునీ ముందు వేర్వేరు ప్రాంతాల, వేర్వేరు ఇళ్ల పిల్లల మీద చేసి చూస్తే తప్ప ఇలాంటి తిరకాసులు బయటపడవు.

భాష సంగతి ఒకటి ఉంది. నీట్ తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయొచ్చు. ఈ స్టేషన్లు కూడా అభ్యర్థి కోరుకున్న భాషలోనే జరగాలి. మాండలికం మీద మార్కు ఉండకూడదని కాగితం మీద రాసి పెట్టాలి. వాళ్లు రేపు మాట్లాడాల్సింది ఏ యాసవాళ్లతోనో గుర్తుంచుకోండి.

ఈ పద్ధతిలో లోపాలు లేవని నేననను. అమెరికాలోనే కాలిఫోర్నియా డేవిస్ కళాశాలలో చూసినప్పుడు, గలగల మాట్లాడుతూ నలుగురిలో కలిసిపోయేవాళ్లకి ఈ స్టేషన్లలో ఎక్కువ మార్కులు వచ్చాయి. నన్ను బాగా కలవరపెట్టేది ఇదే. నేను చూసిన మంచి డాక్టర్లలో పెదవి విప్పనివాళ్లు తక్కువేమీ కాదు. చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ అయిదు నిమిషాలు మౌనంగా కూర్చునే మనిషిని చూస్తే రోగికి సగం భయం పోతుంది. అందుకే రెండు స్టేషన్లయినా వినడానికే ఉండాలి, ఎక్కువ మాట్లాడితే మార్కు తగ్గేలా మెట్లు రాయాలి.

కోచింగు సంగతి చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం అచ్చయిన వారానికి విజయవాడలో ‘ఇంటర్వ్యూ స్పెషల్ బ్యాచ్’ బోర్డు లేస్తుంది. స్టేషన్లు ముందే బయటికి పొక్కితే మార్కులు పెరుగుతాయా అని మెక్‌మాస్టర్ వాళ్లు చూస్తే పెద్దగా పెరగలేదట. అది కెనడా. మన దగ్గర మోడల్ జవాబులు గైడు పుస్తకంగా వచ్చేస్తాయి, “తిరిగి చెప్పండి తాతగారూ” అని పిల్లలు చిలకల్లా అంటారు. అననివ్వండి, ఆ ఒక్క అలవాటైనా పట్టుబడుతుంది. కానీ ఆ బ్యాచ్‌కి డబ్బు కట్టలేని ఇంటి పిల్లలకి ప్రభుత్వమే నమూనా స్టేషన్ల వీడియోలు ఉచితంగా తెలుగులో పెట్టాలి. నీట్ విషయంలో డబ్బున్నవాళ్లకే మొగ్గు ఉందని తమిళనాడులో 2021లో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ చెప్పింది. రెండో పరీక్ష పెట్టి రెండో మొగ్గు కూడా వాళ్లకే ఇస్తే మనం చేసిన ఘనకార్యం ఏముంటుంది?

చట్టం అడ్డమొస్తుందని మీరు అనబోతున్నారు. తెలుసండి. 2019 నాటి వైద్య కమిషన్ చట్టం 14వ సెక్షను ప్రకారం ఎంబీబీఎస్‌కి నీటే దారి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు ఎన్నో ఏళ్లుగా తమ పద్ధతిలో పిల్లల్ని రోజుల తరబడి ఉంచి పరిశీలించి తీసుకునేవారు. 2017లో అది కుదరదనేసరికి వంద సీట్లలో 99 ఖాళీగా వదిలేశారు. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు నీట్ వైపే తీర్పిచ్చింది. పుణెలోని సైనిక వైద్య కళాశాల మాత్రం నీట్ మార్కులతో పిలిచి, ఆ పైన ఇంటర్వ్యూ కూడా చేస్తోంది. మనకి ఇప్పుడు ఆ వివాదంలో దిగే అవసరమే లేదు. ఎందుకంటే నేను అడుగుతున్నది సీటు ఇచ్చే ముందు ఇంటర్వ్యూ పెట్టమని కాదు.

2023లో మన రాష్ట్రంలో అయిదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటిలో రాజమహేంద్రవరం, ఏలూరు మా గోదావరి జిల్లాలవే. ఒక్కోదానిలో 150 సీట్లు. సీట్లన్నీ నీట్ ప్రకారం నిండిపోయాక, పిల్లలు చేరి ఫౌండేషన్ తరగతులు నడుస్తున్న రోజుల్లో, ఇష్టపడి సంతకం చేసినవాళ్ల చేత ఎనిమిది స్టేషన్లు చేయించండి. ఎథిక్స్ కమిటీ అనుమతితో, వీడియో తీసి. ఆ మార్కులు విద్యార్థికి చెప్పొద్దు, ప్రిన్సిపాలుకి చెప్పొద్దు, ఏ టీచరుకీ చెప్పొద్దు. సీలు వేసి విశ్వవిద్యాలయంలో భద్రం చెయ్యండి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక విప్పండి. ఈలోపు ఇంటర్న్‌షిప్‌లో ప్రతి వార్డు నుంచీ హెడ్ నర్సు ఒక చిన్న ఫారం నింపాలి, డిశ్చార్జి అయ్యే రోగుల్ని కొందరిని మూడు ప్రశ్నలు అడగాలి: ఏం చెప్పారో అర్థమైందా, అడగాలనుకున్నది అడగగలిగారా, మందులు ఎలా వాడాలో ఇప్పుడు చెప్పగలరా. నీట్ ర్యాంకు ఆ ఫారాలతో ఎంత కలిసింది, స్టేషన్ల మార్కులు ఎంత కలిశాయి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆడపిల్లలకీ మగపిల్లలకీ, తెలుగు మీడియం వాళ్లకీ ఇంగ్లీషు మీడియం వాళ్లకీ, ఒక్కో రిజర్వేషన్ వర్గానికీ విడివిడిగా చూడండి. ఎవరికైనా అన్యాయంగా తేలితే ఆ స్టేషను తీసెయ్యండి. ఏ స్టేషనూ పనికిరాదని తేలితే మొత్తం మూలపడెయ్యండి, హ్యూస్టన్ కథకి తోడు ఇంకో కథ అవుతుంది. పనికొస్తుందని తేలితే, అప్పుడు చట్టం మార్చే మాట ఢిల్లీతో మాట్లాడండి, అదీ ఆ 15 శాతం గీత దాటకుండా.

ఖర్చెంత అంటారా? స్టేషనుకి పది నిమిషాల చొప్పున ఎనిమిది స్టేషన్లకి 80 నిమిషాలు. పక్కపక్కన రెండు వరసలు నడిపితే ఒక విడతకి 16 మంది. 150 మందికి పది విడతలు, అంటే రెండు రోజులు. పదహారు మంది పరీక్షకులు, వేషాలు వేసే కొందరు మనుషులు, ఒక గంట. పరీక్షకుల్లో సగం మందే డాక్టర్లు ఉండాలి. మిగతావాళ్లు నర్సులు, రిటైరైన హైస్కూలు టీచర్లు, ఆశా కార్యకర్తలు, ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగి విసిగిపోయిన మామూలు మనుషులు. మెక్‌మాస్టర్‌లో కూడా ఊరివాళ్లని కూర్చోబెడతారు. అందరికీ ముందు ఒక రోజు శిక్షణ తప్పదు, ఒకే వీడియో చూపించి అందరి చేతా అంకెలు వేయించి, ఒకరు రెండు, ఇంకొకరు అయిదు ఎందుకు వేశారో పోట్లాడుకోనివ్వాలి. ఆ పోట్లాట లేకుండా స్టేషన్లోకి పంపితే బల్ల ఇంటర్వ్యూకీ దీనికీ గంట ఒక్కటే తేడా.

రాజమహేంద్రవరంలో మీరు ఈ పని మొదలుపెడితే, స్టేషన్ల కాగితాలు తెలుగులో రాసే పనికి నేను వస్తాను, జీతం అక్కర్లేదు. ముసలాయన వేషానికి మా ఊళ్లో ఒకాయన్ని చూసి ఉంచాను. పాతికేళ్లు నాటకాలాడిన మనిషి. చెవుడు నటించక్కర్లేదు, నిజంగానే ఉంది. జవాబు మాత్రం దయచేసి కాగితం మీద ఇప్పించండి. అవునన్నా, కాదన్నా.

ఇట్లు,
విశ్రాంత నర్సింగ్ ట్యూటర్,
రాజోలు దీవి, కోనసీమ